బీఎస్సీ బీజెడ్‌సీ ఫైనలియర్, తర్వాత ఏం చెయ్యాల్నో అర్థమైతలేదు, జర చెప్పండి

నల్గొండ_బీజెడ్‌సీ:
అందరికీ నమస్తే. నేను నల్గొండలో డిగ్రీ చదువుతున్న, బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), ఐదో సెమ్ నడుస్తుంది. ఇంటర్ బైపీసీ, నీట్ రాసిన, లాంగ్ టర్మ్ కూడా పోయిన, సీటు రాలే, మా నాన్న ఇగ చాలు అని దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఆప్షన్లు పెట్టించి డిగ్రీల చేర్పించిండు. అప్పుడు ఏం ఆలోచించలే. ఇప్పుడు ఏ ఫంక్షన్‌కి పోయినా నెక్స్ట్ ఏంది అనే అడుగుతుండ్రు. మా కెమిస్ట్రీ సార్ ఎమ్మెస్సీ చెయ్ స్కోప్ ఉంది అంటడు, మేనత్త కూతురు మెడికల్ కోడింగ్ నేర్చుకో ఆర్నెల్లల్ల జాబ్ అంటది, అమ్మేమో బీఈడీ చెయ్ టీచర్ నౌకరి మంచిగుంటది అంటది, క్లాస్‌ల సగం మంది గ్రూప్స్ అంటుండ్రు, మాకు దగ్గర్లనే చౌటుప్పల్ దిక్కు ఫార్మా కంపెనీలు ఉన్నయి కదా అందుల పోతే ఎట్లుంటదో తెల్వదు. కెమిస్ట్రీ ల్యాబ్ అంటే ఇష్టమే. జువాలజీ అయితే అస్సలు పడదు, పాసైతున్న అంతే. డిగ్రీ అయినంక రెండేళ్ళు టైమ్ ఇస్తం అన్నరు ఇంట్ల, ఆ తర్వాత పెళ్ళి ముచ్చటే. దేనికి ఎక్కువ స్కోప్ ఉందో చెప్పండి ప్లీజ్.

బ్యాక్‌లాగ్_బాబు:
స్కోప్ అన్నిటికీ ఉంటది, మనకే ఉండదు 😀

పరవాడ_క్యూసీ:
పై కామెంట్ వదిలెయ్ చెల్లీ. నేను ఎమ్మెస్సీ ఎనలిటికల్ చేసి పరవాడ ఫార్మా సిటీలో క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్) చేస్తున్నా, ఆ పని ఏంటో చెప్తా, నచ్చుతుందో లేదో నువ్వే చూసుకో. డ్యూటీకి వెళ్ళగానే హ్యాండోవర్, ఇవాళ ఏ శాంపిళ్ళు రిలీజ్ అవ్వాలో లిస్ట్ వస్తుంది. హెచ్‌పీఎల్‌సీకి (మందులో ఏముందో, ఎంతుందో కొలిచే మిషన్) మొబైల్ ఫేజ్ అనే ద్రావకం తయారు చేసి, వడకట్టి, గాలి తీసేసి, సిస్టమ్ సూటబిలిటీ (మిషన్ సరిగ్గా ఉందా అనే పరీక్ష) పాసయ్యాక శాంపిల్స్ సీక్వెన్స్ పెడతాం. అది గంటలు గంటలు నడుస్తుంటే మనం రాస్తూ కూర్చుంటాం. నిజంగా సగం ఉద్యోగం రాతే. ఏ బ్యాలెన్స్ మీద ఎంత తూచావో ప్రింటౌట్ అంటించాలి, సంతకం పెట్టాలి, పక్కవాడు చెక్ చేసి ఇంకో సంతకం పెట్టాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ, కారణం రాయాలి, వైట్‌నర్ అనేది ల్యాబ్‌లో కనపడకూడదు. అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) వాళ్ళు ఆడిట్‌కి వస్తున్నారంటే రెండు నెలల ముందు నుంచి నిద్రలుండవు. రిజల్ట్ లిమిట్ దాటితే ఓఓఎస్ అంటాం, ఎందుకు దాటిందో ఇన్వెస్టిగేషన్, దాని పేపర్లే ఒక కట్ట అవుతాయి.

ఓపిగ్గా ఒకే పని పద్ధతిగా చేసేవాళ్ళకి ఇది స్వర్గం. కొత్తగా ఏదో కనిపెడదాం అనుకునేవాళ్ళకి ఆర్నెల్లలో పిచ్చెక్కుతుంది. బీఎస్సీ ఫ్రెషర్‌కి మా సైడ్ పదిహేను పద్దెనిమిది వేలు, ఎమ్మెస్సీ అయితే కొంచెం పైన. అసలు తేడా మొదటి జీతంలో కాదు, ఐదారేళ్ళ తర్వాత ప్రమోషన్ల దగ్గర తెలుస్తుంది. ఆర్‌అండ్‌డీలోకి అయితే ఎక్కువగా ఆర్గానిక్ ఎమ్మెస్సీ వాళ్ళనే తీసుకుంటారు.

బొల్లారం_సీ_షిఫ్ట్:
క్యూసీ అన్న ఏసీలో కూర్చొని చెప్తుండు. మేము ప్రొడక్షన్ల ఉంటం, రియాక్టర్లు, సెంట్రిఫ్యూజులు, డ్రయ్యర్లు, సాల్వెంట్ వాసన ఇంటికొచ్చి స్నానం చేసినా పోదు. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్ వారం వారం మారుతుంటయి. బీఎస్సీ వాళ్ళని ఎక్కువ ఇక్కడికే తీసుకుంటరు, అమ్మాయిలను మాత్రం చాలా కంపెనీల క్యూసీ, క్యూఏ (నాణ్యత రికార్డులు చూసేటోళ్ళు) దిక్కే. ఏ కంపెనీకి పోయినా జీతం అడిగే ముందు సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు ఇస్తరో అడుగు, లోపల పనిచేసే వాళ్ళను బయట చాయ్ దుకాణం కాడ అడుగు, హెచ్ఆర్‌ని కాదు. 2024 ఆగస్టుల అచ్యుతాపురం, 2025 జూన్‌ల పాశమైలారం ఫ్యాక్టరీ పేలుళ్ళల్ల ఎంతమంది పోయిన్రో అందరికీ తెల్సు. భయపెడుతలేను, అడగాల్సింది అడగమంటున్న.

చార్ట్_కోడర్:
మెడికల్ కోడింగ్ గురించి నేను చెప్తాను. ఐదేళ్ళ నుంచి ఇందులోనే ఉన్నా, హైదరాబాద్. అమెరికాలో డాక్టర్ పేషెంటుని చూసి రాసిన రికార్డు మనకి వస్తుంది, జబ్బుకి ఐసీడీ-10 కోడ్, చేసిన ప్రొసీజర్‌కి సీపీటీ కోడ్ వేయాలి, దాన్ని బట్టే అక్కడ ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బులిస్తారు. కొత్తలో ఎక్కువమందికి హెచ్‌సీసీ (దీర్ఘకాలిక జబ్బులు), ఈఎమ్ (డాక్టర్ విజిట్లు), రేడియాలజీ లాంటివి ఇస్తారు, సర్జరీ, ఐపీడీఆర్‌జీ (ఆస్పత్రిలో చేరిన పేషెంట్ల కోడింగ్) నేర్చుకున్నోళ్ళకి జీతం బాగుంటుంది. రోజుకి ఇన్ని చార్టులు అని టార్గెట్, క్వాలిటీ 95 శాతం తగ్గితే ఫీడ్‌బ్యాక్ మీటింగు. ఏఆర్ కాలింగ్ వేరు, అది నైట్ షిఫ్ట్, రావాల్సిన ఇన్సూరెన్స్ డబ్బుల కోసం ఫోన్లు మాట్లాడాలి, చాలామంది రెండూ ఒకటే అనుకొని చేరతారు.

కానీ అమ్మా, నువ్వు జువాలజీ పడదు అన్నావ్. కోడింగ్ మొత్తం అనాటమీయే, ఏ ఎముక, ఏ రక్తనాళం, కుడా ఎడమా, అదే పని పొద్దస్తమానం. సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష వంద ప్రశ్నలు, నాలుగు గంటలు, కోడ్ బుక్స్ పక్కన పెట్టుకొనే రాస్తాం అయినా ఫెయిలయ్యేవాళ్ళు బోలెడు, పుస్తకంలో ఎక్కడ వెతకాలో తెలియాలంటే శరీరం తెలిసుండాలి కదా. ఎక్స్‌పీరియన్స్ లేకుండా పాసైతే సీపీసీ-ఏ (అప్రెంటిస్) అని ఇస్తారు, ఆ ఏ తీయించుకోవడం ఇంకో కథ.

కెరీర్_గురు_ఇన్‌స్టిట్యూట్:
[ఈ పోస్ట్ తొలగించబడింది]

మోడరేటర్:
వంద శాతం జాబ్ గ్యారంటీ, ఫీజు సగం ఇప్పుడు సగం జాబ్ వచ్చాక అనే ప్రకటనలు ఇక్కడ వద్దు. మళ్ళీ వేస్తే ఐడీ బ్లాక్.

చార్ట్_కోడర్:
థాంక్స్ మోడ్ గారూ. చెల్లీ ఇంకోటి, అమీర్‌పేటలో జాబ్ ఇప్పిస్తాం లక్ష కట్టు అంటారు, బ్యాక్‌డోర్ అంటారు, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడతాం అంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఇంకే కంపెనీ తీసుకోదు. డెమో క్లాసులు ఫ్రీగానే చెప్తారు, ఓ నాలుగు రోజులు కూర్చొని చూడు, ఫీజు మాత్రం ఆ రోజే కట్టకు.

అశోక్‌నగర్_బ్యాచ్:
అన్ని ప్రైవేటు కొలువులే చెప్తుండ్రు, గ్రూప్స్ గురించి ఎవ్వరు మాట్లాడరేంది. సిటీ సెంట్రల్ లైబ్రరీల కూసోని చదివినోళ్ళు ఎంతమంది డీఎస్పీలు, డిప్యూటీ కలెక్టర్లు అయిన్రు. బైపీసీ వాళ్ళకు సైన్స్ మీద పట్టుంటది, అది ప్లస్సే. పద్ధతిగా చదివితే ఏదో ఒక గ్రూప్ తగుల్తది.

బ్యాక్‌లాగ్_బాబు:
అన్నా నువ్వు ఎప్పటి సంది చదువుతున్నవ్

అశోక్‌నగర్_బ్యాచ్:
అది అడగకు తమ్మీ. 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ అక్టోబర్‌ల రాసినం, పేపర్ లీకని 2023 మార్చిల రద్దు చేసిన్రు. మళ్ళ జూన్‌ల రాసినం, సెప్టెంబర్‌ల హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల కొత్త నోటిఫికేషన్, 563 పోస్టులు, మళ్ళ మొదటి నుంచి. ఇందుల చదివినోడి తప్పేముంది చెప్పు. అయినా నేను వద్దు అని చెప్తలేను, చెల్లె ఇంట్ల రెండేళ్ళే టైమ్ ఇచ్చిన్రు అంటుంది కదా, ఆ రెండేళ్ళల్ల నోటిఫికేషన్ వస్తదో రాదో గవర్నమెంటుకే తెల్వదు. చేతుల ఏదో ఒక పని పెట్టుకొని పక్కన చదువుకుంటే బతుకొచ్చు, రూమ్ తీసుకొని ఉత్తగ అదే పని మీద కూసుంటే మాత్రం రూమ్ రెంట్, మెస్ బిల్లు, ఇంటికి పోతే పక్కింటోళ్ళ మాటలు, ఇవన్నీ సిలబస్‌ల ఉండవు.

బయాలజీ_టీచరమ్మ:
నేను 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ బయోసైన్స్ వచ్చినదాన్ని. మీ అమ్మగారు చెప్పింది తప్పేం కాదు. 2020 పీఆర్సీ స్కేల్‌లో స్కూల్ అసిస్టెంట్ బేసిక్ 42,300, డీఏ హెచ్ఆర్ఏ కలిపితే ఇంకా బాగుంటుంది. పల్లెటూరి హైస్కూల్లో పిల్లలు టీచరమ్మా టీచరమ్మా అని వెనకాల తిరుగుతుంటే ఆ తృప్తి వేరు. కానీ లెక్క చూసుకో. తెలంగాణలో 2017 తర్వాత మళ్ళీ 2024లోనే అంత పెద్ద డీఎస్సీ, 11,062 పోస్టులు. ఆంధ్రలో 2018 తర్వాత 2025లో, 16,347. ఆ మధ్యలో టెట్ రాసుకుంటూ ప్రైవేట్ స్కూల్లో ఎనిమిది పది వేలకి చెప్పాం. పైగా 2023 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీ వాళ్ళకి ఎస్జీటీ (ప్రైమరీ స్కూల్ టీచర్) దారి లేదు, అది డీఈడీ వాళ్ళకే. గురుకులాలు అప్పుడప్పుడూ వస్తుంటాయి.

ఇంకో మాట, బీజెడ్‌సీతో బీఈడీ అంటే ఎక్కువగా జీవశాస్త్రమే చెప్పాలమ్మా. గుండె నిర్మాణం, కిడ్నీ, ఏటా అదే పాఠం కొత్త పిల్లలకి. నువ్వేమో జువాలజీ అంటేనే ముక్కు చిట్లిస్తున్నావ్.

నల్గొండ_బీజెడ్‌సీ:
అయ్యో టీచరమ్మా 😅 నిజమే. నేను అట్ల ఆలోచించలే. కోడింగ్, బీఈడీ రెండూ జువాలజీయేనా అయితే.

టార్నాక_స్కాలర్:
నేను టార్నాకలో ఐఐసీటీలో (కెమికల్ టెక్నాలజీ రీసెర్చ్ సంస్థ) పీహెచ్‌డీ చేస్తున్నా, బీజెడ్‌సీ నుంచే వచ్చా. నువ్వు నీ ప్రశ్నలోనే సగం జవాబు రాసేశావ్, కెమిస్ట్రీ ల్యాబ్ ఇష్టం, జువాలజీ పడదు అని. మనవాళ్ళు స్కోప్ స్కోప్ అంటారు కానీ ఎవరూ ఆ పని రోజూ చేసి చూసి చెప్పరు. అందుకే పై వాళ్ళు రాసిన పోస్టులు చాలా విలువైనవి.

ఎమ్మెస్సీకి దారులు ఇవీ. ఓయూ, కాకతీయ, మీ నల్గొండ ఎంజీయూ లాంటివాటికి సీపీగెట్ అనే పీజీ ఎంట్రన్స్. హెచ్‌సీయూకి సీయూఈటీ పీజీ. ఐఐటీలకి జామ్, ఫిబ్రవరిలో పెడతారు, 60 ప్రశ్నలు 100 మార్కులు, ఫైనలియర్ వాళ్ళు కూడా రాయొచ్చు. కానీ బీజెడ్‌సీ వాళ్ళు ఒకటి చూసుకోవాలి, కొన్ని ఐఐటీలు కెమిస్ట్రీకి కూడా ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలంటాయి, అప్లై చేసేముందు బ్రోచర్‌లో ఎలిజిబిలిటీ టేబుల్ చదువు, కోచింగ్ సెంటర్ వాళ్ళ మాట కాదు. మ్యాథ్స్ లేకపోతే ఫిజికల్ కెమిస్ట్రీలో క్వాంటమ్ దగ్గర ఏడుపొస్తుంది, నాకు వచ్చింది, ఇంటర్ మ్యాథ్స్ బుక్‌లో కాలిక్యులస్ చాప్టర్లు ఈ సెలవుల్లో మొదలుపెట్టు.

ఆ తర్వాత రీసెర్చ్ అనిపిస్తే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష, అందులో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000 ప్లస్ హెచ్ఆర్ఏ. అనిపించకపోతే ఫార్మా ఎక్కడికీ పోదు. అసలు నీకు రీసెర్చ్ పడుతుందా అని తెలియాలంటే ఐఏఎస్సీ సమ్మర్ ఫెలోషిప్ ఉంది, మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇస్తాయి, వేసవిలో రెండు నెలలు ఏదైనా పెద్ద ల్యాబ్‌లో పని చేయిస్తారు, స్టైపెండ్ కూడా. మన డిగ్రీ కాలేజీల్లో దీని గురించి చెప్పేవాళ్ళే లేరు.

రామారావు_మిర్యాలగూడ:
నేను ఒక తండ్రిగా రాస్తున్నాను. మా అమ్మాయి కూడా డిగ్రీ రెండో సంవత్సరం. మీరందరూ పని ఎలా ఉంటుంది అని చెప్తున్నారు బాగుంది. మాకు భయం వేరే ఉంటుందండి. పిల్ల ఏ బస్సులో వెళ్తుంది, రాత్రి ఎన్నింటికి వస్తుంది, హాస్టల్లో తిండి ఎట్లా, చదివించాక ఉద్యోగం రాకపోతే సంబంధాలు వచ్చినప్పుడు ఏం చెప్పాలి. ఇవి పాతకాలం మాటలే అనుకోండి కానీ ఫీజు కట్టేది మేమే కదా. స్కోప్ అని మేము అడిగేది అందుకే.

చార్ట్_కోడర్:
అంకుల్, మీరు అడిగినవి తప్పు ప్రశ్నలు కావు. కానీ అవి పిల్లకి చెప్పి, తనతో కలిసి వెతికితే బాగుంటుంది. మా నాన్న నా మొదటి కంపెనీకి వచ్చి గేటు దగ్గర సెక్యూరిటీతో అరగంట మాట్లాడి, క్యాబ్ ఇంటిదాకా దింపుతుందా లేదా కనుక్కొని అప్పుడు సరే అన్నాడు. నాకు సిగ్గేసింది గానీ ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారి అడ్డు చెప్పలేదు.

లిమరిక్_లచ్చి:
నేను ఐర్లాండ్‌లో ఉన్నా, ఇక్కడ ఫార్మా ప్లాంట్లు చాలా, మాస్టర్స్ ఏడాదే, తర్వాత రెండేళ్ళు జాబ్ వెతుక్కోవచ్చు. కానీ మొత్తం ఖర్చు పాతిక లక్షలు దాటుతుంది. హైదరాబాద్‌లో రెండేళ్ళు జీఎంపీ (మందుల తయారీ నాణ్యత నియమాలు) ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ళకి ఇక్కడ త్వరగా దొరుకుతుంది, డిగ్రీ అయిన వెంటనే లోన్ తీసుకొని వచ్చినవాళ్ళు సూపర్ మార్కెట్లో షిఫ్టులు చేస్తూ కష్టపడుతున్నారు. కాబట్టి ఇది ఇప్పటి మాట కాదు, తర్వాత చూసుకోవచ్చు.

టార్నాక_స్కాలర్:
లచ్చి గారు మంచి పాయింట్ చెప్పారు. ఏది ఇప్పుడే చేయాలి, ఏది ఆగుతుంది అని కూడా చూడు. డీఎస్సీ నలభై దాటాక కూడా రాసేవాళ్ళున్నారు, బీఈడీ ఎప్పుడైనా చేయొచ్చు. జేఆర్ఎఫ్‌కి వయసు 30, ఆడవాళ్ళకి ఐదేళ్ళు సడలింపు ఉంది. ఇంట్లో ఇచ్చిన రెండేళ్ళు సరిగ్గా ఎమ్మెస్సీ పట్టే టైమే.

పరవాడ_క్యూసీ:
ఒప్పుకోను. అందరూ ఎమ్మెస్సీ అనడం కూడా గొర్రెల మంద పోకడే. ప్రైవేట్ కాలేజీలో ల్యాబ్ లేకుండా, రికార్డులు కాపీ కొట్టి, రెండేళ్ళు కూర్చొని వచ్చినవాళ్ళని నేను ఇంటర్వ్యూ చేస్తుంటాను. బఫర్ ఎలా చేస్తావ్ అంటే నోరు పెగలదు. అలాంటి ఎమ్మెస్సీ కన్నా రెండేళ్ళు క్యూసీలో చేసిన బీఎస్సీ పిల్లే నాకు ముద్దు. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటొస్తే వెళ్ళు, రాకపోతే జాబ్‌లో చేరు, ఏదో ఒక కాలేజీలో సీటు అని మాత్రం చేరకు.

టార్నాక_స్కాలర్:
అది మాత్రం కరెక్ట్. ల్యాబ్ చూడకుండా చేరొద్దు.

నల్గొండ_బీజెడ్‌సీ:
అందరికీ చాలా చాలా థాంక్స్, ఇన్ని రోజులు రిప్లై ఇయ్యలేకపోయిన, ఇంటర్నల్స్ ఉండె. మీరు చెప్పినయి కొన్ని చేసిన. మా సీనియర్ అక్క చౌటుప్పల్ దిక్కు ఒక కంపెనీల క్యూసీల చేస్తది, ఆదివారం వాళ్ళింటికి పోయి మొత్తం అడిగిన. లోపలికి తీసుకపోవుడు కుదరదంట, ఫోన్ కూడా గేటు కాడనే పెట్టాల్నంట. అక్క చేతులు చూస్తే గ్లోవ్స్ వేసి వేసి ముడతలు పడ్డయి, కానీ నాకు హెచ్‌పీఎల్‌సీ కాలమ్ (శాంపిల్ పోయే గొట్టం) చోక్ అయితే ఎట్ల కడుగుతరో చెప్తుంటే మస్తు ఇంట్రెస్ట్ అనిపించింది, గంటన్నర కూసున్న. అమీర్‌పేట డెమోకి కూడా పోయిన మేనత్త కూతురితోని, మొదటి రోజు ఎముకల పేర్లు, రెండో రోజు కండరాలు, మూడో రోజు పోలే 😂

మా కాలేజీల హెచ్‌పీఎల్‌సీ లేదు. సార్‌ని అడిగితే దగ్గర్ల ఫార్మసీ కాలేజీల ఉంది, మాట్లాడి ఒక రోజు చూపిస్తా అన్నడు. నాన్నకు ఈ థ్రెడ్ చదివి వినిపించిన, రామారావు అంకుల్ రాసింది విని ఈయన నా లెక్కనే ఉన్నడు అన్నడు. సీపీగెట్, సీయూఈటీ పీజీ రెండూ రాస్త. ఓయూల గానీ హెచ్‌సీయూల గానీ వస్తే పోత, రాకపోతే క్యూసీ వాక్-ఇన్‌లు. అమ్మ మాత్రం బీఈడీ అనుడు ఇంకా ఆపలే, ఆపదు కూడా.

బయాలజీ_టీచరమ్మ:
అమ్మకి చెప్పు, ఎమ్మెస్సీ అయ్యాక కూడా బీఈడీ చేయొచ్చు, నెట్ వస్తే డిగ్రీ కాలేజీలోనే చెప్పొచ్చు అని. కొంచెం శాంతిస్తుంది.

అశోక్‌నగర్_బ్యాచ్:
గ్రూప్స్ లిస్ట్‌లకెల్లి తీసేసినవా చెల్లె

నల్గొండ_బీజెడ్‌సీ:
ఇప్పటికైతే తీసేసిన అన్నా. మీరు రాసింది చదివినంకనే.

అశోక్‌నగర్_బ్యాచ్:
మంచిగైంది, ఒక కాంపిటీషన్ తగ్గింది 😄

గజ్వేల్_ఎంపీసీ:
అన్నా నాది బీఎస్సీ ఎంపీసీ, నాకు కూడా క్యూసీ వస్తదా, లేకపోతే కెమిస్ట్రీ మెయిన్ ఉండాల్నా?

పరవాడ_క్యూసీ:
కెమిస్ట్రీ ఒక సబ్జెక్ట్‌గా ఉంటే చాలు, ఎంపీసీ, బీజెడ్‌సీ ఎవరైనా వస్తారు. నీకు మ్యాథ్స్ ఉంది కాబట్టి జామ్ కూడా చూసుకో.

నల్గొండ_బీజెడ్‌సీ:
అన్నా వాక్-ఇన్‌కి ఏమేం పట్టుకపోవాలి, ఏం అడుగుతరు?

పరవాడ_క్యూసీ:
టెన్త్ నుంచి అన్ని మెమోలు ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్స్, ఆధార్, పాన్, ఫోటోలు. ఒరిజినల్స్ చూపించాలి గానీ అక్కడ వదిలి రావొద్దు, బాండ్ అని అట్టిపెట్టుకుంటాం అంటే లేచి వచ్చెయ్. డబ్బులు అడిగినా అంతే. అడిగేవి మరీ కష్టమేం ఉండవు, మొలారిటీ నార్మాలిటీ తేడా, పీహెచ్ అంటే ఏంటి, టైట్రేషన్‌లో ఎండ్ పాయింట్, బఫర్, క్రొమాటోగ్రఫీ సూత్రం, కార్ల్ ఫిషర్ దేనికి వాడతారు. నార్మల్ సొల్యూషన్ చేసే లెక్క ఒకటి పేపర్ మీద చేయిస్తారు, క్యాలిక్యులేటర్ ఇవ్వరు. తెలియకపోతే తెలియదు అను, కల్పించి చెప్తే మాకు తెలిసిపోతుంది. ఆదివారాలే ఎక్కువ పెడతారు, పొద్దున్నే తొమ్మిదికల్లా వెళ్తే మధ్యాహ్నానికి అయిపోతుంది, లేటుగా వెళ్తే సాయంత్రం దాకా లైన్లోనే, టిఫిన్ తినేసి వెళ్ళు.